ఫార్చ్యూనర్‌కు ఆల్ టెర్రైన్ టైర్లు: సైజు మార్చకుండా రకం మార్చినప్పుడు

భీమవరం నుంచి ఆకివీడు వైపు చేపల చెరువుల మీదికి తిరిగే మా ఫోర్ వీల్ డ్రైవ్ ఫార్చ్యూనర్‌కు, బండితో వచ్చిన టైర్లు అరిగిపోయాక, యొకోహామా జియోలాండర్ ఏ/టి (ఆల్ టెర్రైన్, అంటే తారు రోడ్డుకూ మట్టి దారికీ పనికొచ్చే) జి015 రకం వేయించాను. సైజు మాత్రం మార్చలేదు. కంపెనీ ఇచ్చిన 265/60 ఆర్18, లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును తెలిపే అంకె) 110, వేగం గుర్తు (ఎంత వేగం వరకు తట్టుకుంటుందో తెలిపే అక్షరం) హెచ్, అన్నీ యథాతథంగా ఉంచాను. టైర్ల గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు పట్టు, శబ్దం, ధర అడుగుతారు. ఖాళీగానే రెండు టన్నులు దాటే బండికి వీటన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది సైజు కనుక, ఈ సమీక్షలో దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

పెద్ద బండి కొన్న ప్రతివారికీ దుకాణంలో ఎదురయ్యే మొదటి మాట, ఒక సైజు పెంచి వేసుకోండి, బండి నిండుగా కనిపిస్తుంది అన్నదే. ఫార్చ్యూనర్ విషయంలో సాధారణంగా చూపించేది 285/60 ఆర్18. ఒప్పుకొనే ముందు కాగితం మీద ఒక చిన్న లెక్క వేసుకోవాలి. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు ఎంత శాతమో, మూడోది రిమ్ వ్యాసం అంగుళాల్లో. 265లో 60 శాతం 159. పైనా కిందా కలిపి 318. దానికి 18 అంగుళాల రిమ్ 457.2 కలిపితే టైరు మొత్తం ఎత్తు సుమారు 775 మిల్లీమీటర్లు. అదే లెక్కన 285/60 ఆర్18 ఎత్తు 799 మిల్లీమీటర్లు. తేడా 24 మిల్లీమీటర్లు, అంటే మూడు శాతం కంటే కొంచెం ఎక్కువ. టైర్ల పనిలో ఉన్నవారు వ్యాసంలో తేడా మూడు శాతం దాటకూడదని అంటారు. ఇది ఆ గీత దాటుతుంది.

మూడు శాతమే కదా అనిపించవచ్చు. స్పీడోమీటరు చక్రం తిరిగిన చుట్లను బట్టి వేగం చూపిస్తుంది కాబట్టి, పెద్ద టైరు వేశాక అది పాత లెక్కలో 100 చూపించే సమయానికి బండి 103 దగ్గర ఉంటుంది. ఓడోమీటరు 10,000 కిలోమీటర్లు చూపించేసరికి బండి నిజానికి దాదాపు 10,300 తిరిగి ఉంటుంది. అందువల్ల సర్వీసు గడువులూ, మైలేజీ లెక్కా తప్పుతాయి. చక్రం ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోవడం వల్ల గేర్లు పొడవైనట్టు కావడంతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిను కొంత బరువుగా లాగుతుంది, పెద్ద టైరును ఆపడానికి బ్రేకుకు కూడా పని పెరుగుతుంది. ఇంత చేసి గ్రౌండ్ క్లియరెన్సులో లాభమెంత అంటే, వ్యాసంలో పెరిగిన దానిలో సగం, కేవలం 12 మిల్లీమీటర్లు. చెరువు గట్టు మీద బండి అడుగు తగలకుండా కాపాడేంత ఎత్తు కాదది.

రిమ్ సంగతి ఇంకా ముఖ్యం. బండితో వచ్చిన అలాయ్ వెడల్పు ఏడున్నర అంగుళాలు. 265/60 ఆర్18 టైరుకు అది సరిపోతుంది. 285/60 ఆర్18కు కనీసం ఎనిమిది అంగుళాల రిమ్ ఉండాలి. ఇరుకు రిమ్ మీద వెడల్పు టైరు ఎక్కిస్తే సైడ్‌వాల్ బయటికి ఉబ్బి, మలుపుల్లో ఊగుతుంది, ట్రెడ్ (నేలను తాకే భాగం) మధ్యభాగం ముందుగా అరుగుతుంది. మా బావమరిది తన ఫార్చ్యూనర్‌కు వేరే కంపెనీ టైర్లు ఈ సైజులోనే, పాత రిమ్‌ల మీదే వేయించాడు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ చేసిన ప్రతిసారీ ముందు చక్రం దగ్గర గరగరమని వినిపించేది. లోపలికి తొంగి చూస్తే, చక్రం వెనక ఉండే నల్లటి ప్లాస్టిక్ లైనింగు అరచేయి మేర నున్నగా అరిగి మెరుస్తూ కనిపించింది. గట్టు మట్టి పేరుకున్నప్పుడు ఆ సందు ఇంకా మూసుకుపోతుంది. స్టెప్నీ కూడా బండి అడుగున వేలాడేదే కనుక, పెద్ద టైరు అక్కడ ఇమడకపోతే అది సామాన్ల చోటు ఆక్రమిస్తుంది.

చట్టం వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నంగా మారేలా బండిని మార్చకూడదని చెబుతుంది. ప్రమాదం జరిగినప్పుడు బీమా సర్వేయరు టైరు మీది అంకెలు కూడా చూస్తాడు. క్లెయిము సమయంలో వాదులాడుకునే అవకాశం ఎందుకివ్వాలి?

నిజంగా రబ్బరు ఎక్కువ కావాలనుకునేవారికి ఇంతకంటే మంచి దారి ఉంది. టయోటా ఫార్చ్యూనర్‌లోనే కొన్ని రకాలకు 17 అంగుళాల రిమ్‌తో 265/65 ఆర్17 టైర్లు వచ్చాయి. దాని ఎత్తు 776 మిల్లీమీటర్లు, అంటే 18 అంగుళాల టైరుకూ దీనికీ తేడా ఒక మిల్లీమీటరు చిల్లర. స్పీడోమీటరు తప్పు చూపదు, గేర్ల లెక్క మారదు. సైడ్‌వాల్ మాత్రం 159 నుంచి 172 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. గుంతల రోడ్ల మీద రిమ్ వంకరపోకుండా కాపాడేది ఈ అదనపు రబ్బరే. లోడ్ ఇండెక్స్ కూడా సాధారణంగా 112 దొరుకుతుంది. రూపం కంటే పని ముఖ్యమనుకునేవారికి నా ఓటు దీనికే. కొత్త రిమ్‌ల ఖర్చు అదనం కావడం వల్లనే నేను 18 అంగుళాలలో ఉండిపోయాను.

లోడ్ ఇండెక్స్ గురించి కొనేవారు అడగరు, అమ్మేవారిలో చాలామంది చెప్పరు. 110 అంటే సరైన గాలి ఉన్నప్పుడు ఒక్కో టైరు 1060 కిలోలు మోయగలదని అర్థం. 112 అయితే 1120 కిలోలు. ఏడుగురు కూర్చుని, వెనక మేత బస్తాలు వేసి, ఎండాకాలం మధ్యాహ్నం తారు రోడ్డు మీద వేగంగా పోయే బండిలో భారం ఎక్కువగా వెనక టైర్ల మీదికి వస్తుంది. సైజు సరిపోయినా ఇండెక్స్ తక్కువ ఉన్న టైరును, కొంచెం చవకగా దొరికిందని, ఎట్టి పరిస్థితిలోనూ వేయించకూడదు. దీనికి రెండో కొస కూడా ఉంది. సైజు ముందు ఎల్‌టి అని ఉండే లైట్ ట్రక్ టైర్లు చాలా ఎక్కువ బరువు మోస్తాయి. 265/70 ఆర్17 సైజులో 121 ఇండెక్స్ ఉన్నది 1450 కిలోల వరకు తట్టుకుంటుంది. కానీ ఆ బరువు మోయాలంటే దానికి మామూలు టైరు కంటే బాగా ఎక్కువ గాలి కావాలి. తలుపు పక్కన స్టిక్కరు మీద ఉన్న గాలి పెడితే చాలదు. గట్టి సైడ్‌వాల్ వల్ల కుటుంబంతో ప్రయాణం కూడా కుదుపులమయం అవుతుంది. బరువులు లాగే పికప్‌కు అది తగినది, ఇంటిల్లిపాదీ తిరిగే బండికి కాదు.

ఇక ఈ టైర్ల పనితనం. 165వ జాతీయ రహదారి మీద వాన పడుతున్నప్పుడు బ్రేకు వేస్తే బండి నిలకడగా ఆగుతుంది. రోడ్డు మీద నీళ్లు నిలిచిన చోట స్టీరింగ్ తేలిపోయిన భావన కలగలేదు. కంకర పరిచిన గట్లు, మారేడుమిల్లి ఘాట్‌లో తడిసిన మలుపులు, ఇసుక కలిసిన కాలువ దారులు, వీటన్నిటి మీదా పాత హైవే టైర్ల కంటే నమ్మకం స్పష్టంగా పెరిగింది. ఆల్ టెర్రైన్ టైరు ఏదైనా కొంత హోరు చేస్తుంది. ఇందులో అది కిటికీలు మూస్తే సంభాషణకు అడ్డురానంతే. సైడ్‌వాల్ మీద పర్వతంలో మంచు రేకు గుర్తు ఉంది. అది మంచు పరీక్షకు సంబంధించినది కాబట్టి మన ప్రాంతంలో దాని కోసం ప్రత్యేకంగా వెతకనక్కరలేదు.

జిగట నల్లమట్టి విషయంలో మాత్రం ఆశలు అదుపులో పెట్టుకోవాలి. చెరువు గట్టు బాగా నానిన రోజున ట్రెడ్ దిమ్మెల మధ్య మట్టి కూరుకుపోయి, చక్రం నున్నటి రోలరులా మారుతుంది. ఇది ఈ రకం టైర్లన్నిటికీ ఉన్న పరిమితి. దిమ్మెలు దూరదూరంగా ఉండే మడ్ టెర్రైన్ టైర్లే ఆ మట్టిని విసిరేయగలవు. కానీ అవి తారు రోడ్డు మీద త్వరగా అరుగుతాయి, తడి రోడ్డు మీద పట్టు తక్కువ. తారు రోడ్డు మీద ఎక్కువగా, గట్ల మీద కొంతగా తిరిగే బండికి ఆల్ టెర్రైన్ సరైన మధ్యమార్గం. నానిన గట్టు మీద ఫోర్ వీల్ లో రేంజి (4ఎల్) వేసి, యాక్సిలరేటరు తొక్కకుండా నెమ్మదిగా నడిపితే ఒడ్డుకు చేరుతుంది. తారు ఎక్కిన తరువాత మట్టి పెళ్లలు చక్రాల లోపల టపటపా రాలుతూ వదిలిపోతాయి.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవారు నాలుగు టైర్లనూ ఒకేసారి, ఒకే సైజులో, ఒకే రకంలో మార్చాలి. ఇప్పటి ఫార్చ్యూనర్‌లో ఉన్నది పార్ట్ టైమ్ వ్యవస్థ, అంటే మనం వేసినప్పుడే నాలుగు చక్రాలకూ శక్తి వెళ్తుంది. ముందు వెనక చక్రాల వ్యాసం తేడాగా ఉంటే, గట్టి నేల మీద ఫోర్ వీల్‌లో నడిపినప్పుడు ఆ తేడా భారం ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) మీద పడుతుంది. ముందు రెండు ఇప్పుడు, వెనక రెండు తరువాత అనే పద్ధతి ఈ బండ్లకు పనికిరాదు.

బిగించే ముందు ప్రతి టైరు సైడ్‌వాల్ మీద తయారీ తేదీ చూపించమని అడగాలి. నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. 2325 అని ఉంటే 2025లో 23వ వారం. నాలుగింటి తేదీలూ దగ్గరదగ్గరగా ఉండాలి. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అక్కడే చేయించుకుని, గాలి డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు ప్రకారం టైర్లు చల్లగా ఉన్నప్పుడు పెట్టించుకోవాలి. ఎప్పుడూ రహదారి మీదే తిరిగే ఫార్చ్యూనర్‌కు ఇదే సైజులో హైవే టైర్లు చాలు, ఈ అదనపు ఖర్చు అక్కరలేదు. ఘాట్లు, కంకర దారులు, గట్లు వారంలో తప్పనిసరిగా తగిలేవారు మాత్రం 265/60 ఆర్18లో జి015ను నిస్సంకోచంగా తీసుకోవచ్చు.