వసంతంలో మంచుకొండ: చీకటితో ఎక్కాలా, ఎండొచ్చాక ఎక్కాలా?

వసంతకాలంలో మంచు వాలు ఎక్కేవాళ్లు దారికంటే ముందు తేల్చుకోవాల్సింది టైమ్.

చీకటితోనే బయల్దేరితే కాలికింద మంచు గట్టిగా ఉంటుంది. పగలు కరిగిన నీరు రాత్రి చలికి మళ్లీ గడ్డకట్టి పైమంచును ఒకే పలకలా బిగించేస్తుంది. నడక చకచకా సాగుతుంది. చిక్కేమిటంటే, ఆ గట్టిదనమే జారుడు కూడా. బూట్లకు క్రాంపాన్లు (మంచులో దిగే ఇనుప ముళ్ల పట్టీలు), చేతిలో ఐస్ యాక్స్ (మంచుగొడ్డలి) లేకుండా 35 డిగ్రీల వాలు మీద కాలు జారితే ఆగడం కష్టం.

ఎండొచ్చాక వెళ్తే నిద్ర మిగులుతుంది, పైపొర మెత్తబడి స్కీయింగ్ హాయిగా ఉంటుంది. కానీ ఆ హాయి కాసేపే. కరిగిన నీరు లోపలికి దిగి పొరల పట్టు సడలిస్తుంది. రాళ్ల పక్కనుంచి మంచు ఉండలు వాటంతటవే దొర్లుకుంటూ వస్తున్నా, బూటు చీలమండ దాటి దిగబడుతున్నా ఇక అక్కడ ఉండకూడదు. తడి మంచుచరియ నెమ్మదిగా కదిలినట్టే ఉంటుంది గానీ, ఆగగానే సిమెంటులా బిగుసుకుపోతుంది.

నా ఓటు చీకటికే. అయితే ఒక మెలిక ఉంది. రాత్రంతా మబ్బు పడితే మంచులోని వేడి బయటికి పోదు, సరిగ్గా గడ్డకట్టదు. అప్పుడు మూడింటికి లేచినా దండగే. టెంట్ బయట మంచును బూటుతో ఒక్క తన్ను తన్ని చూడండి. పలచటి పెచ్చు విరిగి కింద తడి మంచు తగిలితే, వెళ్లి మళ్లీ పడుకోండి.

తూర్పు వాలుకు ఎండ ముందే తగులుతుంది కాబట్టి అక్కడ ఇంకా తొందరగా దిగిపోవాలి. బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్ల జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార మాత్రం ఏ వేళైనా వెంట ఉండాల్సిందే.