మాత్రలా, ఇంజెక్షనా, కాపర్‌ టీనా: ఎవరికి ఏది మేలు?

గర్భం రాకుండా ఆపడంలో ఏది గట్టిదో చెప్పడం తేలిక. ఏడాదిపాటు వాడిన 100 మందిలో గర్భం వచ్చేది కాపర్‌ టీతో (గర్భసంచిలో అమర్చే రాగి లూప్) ఒక్కరికన్నా తక్కువ. మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్‌తో సుమారు 4, మాత్రలతో 7, కండోమ్‌తో 13. కానీ చాలామంది మధ్యలో మానేసేది గర్భం వచ్చినందుకు కాదు, నెలసరి మారిపోయిందని హడలిపోయి. అందుకే ఏ పద్ధతి నెలసరిని ఎలా మారుస్తుందో ముందే తెలుసుకుని, ఆ మార్పును తట్టుకోగలమా అని చూసుకుని ఎంచుకోవాలి.

ఇప్పటికే రక్తస్రావం ఎక్కువగా ఉన్నా, రక్తహీనత ఉన్నా కాపర్‌ టీ జోలికి వెళ్లకపోవడమే మంచిదని మా అభిప్రాయం. అందులో హార్మోన్ ఉండదు, మందు మర్చిపోయే బెడద లేదు, రకాన్నిబట్టి 5 నుంచి 10 ఏళ్లు పనిచేస్తుంది. కానీ మొదటి 3 నుంచి 6 నెలలు నెలసరి ఎక్కువగా, నొప్పితో వస్తుంది. ఇలాంటివారికి రాగికి బదులు హార్మోన్ వదిలే లూప్ నయం. మొదట్లో కొన్ని నెలలు మచ్చలు మచ్చలుగా కనిపించినా, తర్వాత రక్తస్రావం బాగా తగ్గుతుంది. నొప్పీ తగ్గించుకుంటూ నెలసరినీ తేలిక చేసుకోవాలంటే మాత్రలూ పనికొస్తాయి.

కాపర్‌ టీ వేయించుకున్నవారు నెలసరి మొదలైన రోజు నుంచే ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా. తిన్న తర్వాత, రోజుకు మూడుసార్లకు మించకుండా, 5 రోజుల లోపు వాడితే నొప్పీ రక్తస్రావమూ రెండూ తగ్గుతాయి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆ మందుకు పెరిగే ఉబ్బసం ఉంటే వద్దు. ఆస్పిరిన్ మాత్రం వేసుకోకండి, రక్తస్రావం పెరుగుతుంది. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ రాస్తారు. ఆరు నెలలు దాటినా అలాగే ఉంటే ఓర్చుకోవాల్సిన పని లేదు. లూప్ పక్కకు జరిగిందేమో, ఇన్ఫెక్షన్ గానీ ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో గడ్డ) గానీ ఉందేమో చూపించుకోవాలి.

కాపర్‌ టీ జారిపోతే చాలావరకు మొదటి మూడు నెలల్లోనే, అదీ నెలసరి సమయంలోనే జారుతుంది. నెలసరి అయ్యాక చేతులు కడుక్కుని, గొంతుక్కూర్చుని వేలు లోపలికి పెడితే గర్భసంచి మూతి దగ్గర లూప్‌కు ఉండే దారాలు తగలాలి. లాగకూడదు. దారాలు తగలకపోయినా, వాటి బదులు గట్టి ప్లాస్టిక్ కొస తగిలినా, పరీక్ష అయ్యేదాకా కండోమ్ వాడాలి.

మాత్రల సంగతి వేరు. ఒక్కటీ తప్పకుండా వేసుకుంటే ఏడాదికి గర్భం వచ్చేది 100 మందిలో ఒక్కరికన్నా తక్కువే. అది 7కు పెరగడానికి ముఖ్య కారణం మరుపు. రెండు హార్మోన్ల (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్) మాత్ర ఒకటి మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, తర్వాతిది మామూలు వేళకే వేసుకోవాలి. ఒకేరోజు రెండు పడినా నష్టం లేదు. వరుసగా రెండు లేదా అంతకన్నా ఎక్కువ తప్పితే, చివరగా తప్పినది ఒక్కటే వేసుకుని ప్యాక్ కొనసాగించాలి, 7 రోజులు కండోమ్ వాడాలి. ఇది హార్మోన్ మాత్రల ఆఖరి వారంలో జరిగితే, ప్యాక్ చివర ఉండే మందులేని మాత్రలు వదిలేసి నేరుగా కొత్త ప్యాక్ మొదలుపెట్టాలి. మొదటి వారంలో తప్పి, అప్పుడే కలిసి ఉంటే అత్యవసర మాత్ర గురించి డాక్టరును అడగాలి. వేసుకున్న 3 గంటలలోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి. వికారానికి రాత్రి తిన్నాక వేసుకోవడమే మంచి ఉపాయం. మధ్యలో కనిపించే మచ్చలు చాలావరకు మూడు నెలల్లో సర్దుకుంటాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, కొన్ని మూర్ఛ మందులు మాత్రల పట్టు తగ్గిస్తాయి. మామూలు యాంటీబయాటిక్‌లతో ఆ భయం లేదు.

ఇంజెక్షన్‌కు రోజూ గుర్తుపెట్టుకునే బాధ లేదు, ఇంట్లో ఎవరికీ తెలియాల్సిన పనీ లేదు. అయితే ఒకసారి వేశాక వెనక్కి తీసుకోలేం: పడకపోయినా మూడు నెలలు భరించాల్సిందే. మొదట్లో రక్తం ఎప్పుడు పడుతుందో తెలియదు, ఏడాది గడిచేసరికి సుమారు సగం మందికి నెలసరి ఆగిపోతుంది. చెడురక్తం లోపలే పేరుకుపోతోందన్న భయం అక్కర్లేదు. గర్భసంచి లోపలి పొరే పెరగదు కాబట్టి బయటికి రావాల్సింది ఏమీ ఉండదు. బరువు ఏడాదికి ఒకటి రెండు కిలోలు పెరగొచ్చు. వేసిన చోట రుద్దకూడదు, మందు తొందరగా రక్తంలో కలిసిపోయి ముందే పట్టు తప్పుతుంది. ఏడాదిలో బిడ్డ కావాలనుకునేవారికి ఇది వద్దు. మానేశాక గర్భం రావడానికి, ఆఖరి సూది నుంచి సగటున 10 నెలలు పడుతుంది. లూప్ తీసిన వెంటనే, మాత్రలు ఆపిన కొద్దికాలానికే గర్భం రావచ్చు.

35 దాటి పొగతాగేవారు, బీపీ ఉన్నవారు, కళ్లముందు మెరుపులతో మొదలయ్యే పార్శ్వపు తలనొప్పి (మైగ్రేన్) ఉన్నవారు, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు రెండు హార్మోన్ల మాత్రలు వాడకూడదు. కాన్పయిన మొదటి ఆరు నెలల్లో పాలిచ్చే తల్లులకూ అవి తగవు. వీరిలో చాలామందికి కాపర్‌ టీ సరిపోతుంది.

ఈ మూడింటిలో ఏదీ సుఖవ్యాధులను ఆపదు, ఆ అనుమానం ఉంటే కండోమ్ కూడా తోడుండాలి. మాత్రలు వాడుతుండగా ఒక పిక్కలో వాపుతో నొప్పి, ఛాతీనొప్పి, ఆయాసం, ఎప్పుడూ లేని తలనొప్పి, చూపు మసకబారడం, లూప్ ఉండగా జ్వరంతో పొత్తికడుపు నొప్పి, లేదా నెల తప్పి ఒక పక్క పోటు: ఇవేవైనా వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.