పాత సఫారీనా, స్టార్మా, ఫార్చ్యూనరా: ఇంటిల్లిపాదితో తిరగడానికి ఏది మేలు?

మేము టాటా సఫారీ అమ్మేసి 2017 టయోటా ఫార్చ్యూనర్ తీసుకున్న దగ్గర్నుంచి నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు తెలిసినవాళ్ళంతా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "సెకండ్ హ్యాండ్‌లో ఫోర్ బై ఫోర్ తీసుకోవాలి, పిల్లలు పెద్దవాళ్ళు అందరం కలిసి వెళ్ళాలి, ఏది తీసుకోమంటావు?" ఫోర్ బై ఫోర్ (4x4) అంటే నాలుగు చక్రాలకీ ఇంజిన్ శక్తి అందే బండి. అడిగేవాళ్ళు బళ్ళ గురించి తెలిసినవాళ్ళే. లాడర్ ఫ్రేమ్ (నిచ్చెనలాంటి గట్టి ఉక్కు చట్రం) ఎందుకు, లో-రేంజ్ (మెల్లగా, ఎక్కువ బలంతో లాగే గేరు) ఎందుకు అని నేను చెప్పాల్సిన పని లేదు. అందుకే నేరుగా పోలికలోకి వస్తాను.

మన పక్క ఎక్కువగా చేతులు మారుతున్నవి నాలుగు. 2.2 డైకార్ ఇంజిన్‌తో 2007 నుంచి వచ్చిన పాత సఫారీ, 2012లో వచ్చి 2019 దాకా నడిచిన సఫారీ స్టార్మ్, 2009–16 మధ్య అమ్మిన మొదటి తరం ఫార్చ్యూనర్, 2016 నవంబర్‌లో వచ్చిన రెండో తరం ఫార్చ్యూనర్. అన్నీ డీజిల్ బళ్ళే అనుకుని మాట్లాడుతున్నాను. అన్నింటిలోనూ 4x2లు (రెండు చక్రాలకే శక్తి అందేవి) కూడా ఉన్నాయి కాబట్టి బండి వెనక రాసిన అక్షరాలు చూసి మోసపోకండి. లోపల లివరో నాబో ఉందా, 4L (లో-రేంజ్) వేస్తే నిజంగా పడుతోందా చూసుకోవాలి.

అందరూ ముందు హార్స్ పవర్ అడుగుతారు. పాత సఫారీకి 140, మొదటి తరం ఫార్చ్యూనర్‌కి 171, రెండో తరానికి 177. స్టార్మ్ మొదట 140తోనే వచ్చింది, చివర్లో వేరికార్ 400 ఇంజిన్‌తో 156కి చేరింది. ఇంటివాళ్ళతో వెళ్ళే ప్రయాణానికి ఇందులో ఏదీ తక్కువ కాదు. ఉదయగిరి, భైరవకోన, గిద్దలూరు, శ్రీశైలం ఎటు వెళ్ళినా ఏ బండీ దమ్ము లేక ఆగిపోదు.

నా లెక్కలో తేల్చేది ఆఖరి వరస సీటు.

సఫారీలో, తర్వాత స్టార్మ్‌లో, వెనక ఉండేవి ఎదురెదురుగా పక్కకి చూసే సీట్లు. ఊళ్ళో పెళ్ళికి వెళ్ళొచ్చేంత దూరానికి ఇబ్బంది లేదు. గిద్దలూరు దాటి దిగువమెట్ట ఘాట్ ఎక్కండి, తేడా తెలుస్తుంది. మా పాప అక్కడ కూర్చునేది. మలుపు తిరిగితే ఒళ్ళు ముందుకి జారేది, బ్రేకు వేస్తే పక్కకి ఒరిగేది, పట్టుకోవడానికి ఎదురుగా కూర్చున్న తమ్ముడి మోకాళ్ళే దిక్కు. ఎదురుగా వచ్చే రోడ్డు కనిపించదు. కిటికీలో చెట్లు అడ్డంగా పరుగెడుతుంటాయి. కళ్ళు ఒకటి చెప్తుంటే చెవి లోపలి భాగం ఇంకోటి చెప్తుంది, అందుకే వాంతి. "నాన్నా, కడుపులో తిప్పుతోంది" అన్న మాట వినగానే బండి ఆపడానికి ఘాట్‌లో చోటు దొరకదు. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలోనూ ఇదే కథ.

వాంతులు చిన్న సంగతి. ఎదురుగా ఏదైనా వచ్చి గుద్దితే, ముందుకి చూసే సీటులో బెల్టు ఛాతీని, నడుముని పట్టి ఆపుతుంది, వెనక్కి వాలితే తల వెనక ఆధారం ఉంటుంది. పక్కకి చూసే సీటులో ఆ దెబ్బంతా ఒళ్ళు అడ్డంగా తీసుకోవాలి. పిల్లలు అడ్డంగా కూర్చుని ఉండగా చెన్నై హైవే మీద వందలో వెళ్ళడానికి నాకు మనసొప్పడం మానేసింది. సఫారీ అమ్మడానికి కారణం అదొక్కటే. బండిలో వేరే ఏ లోటూ లేదు.

ఫార్చ్యూనర్ రెండు తరాల్లోనూ మూడో వరస ముందుకే చూస్తుంది. అలాగని అది రాజభోగం కాదు. అక్కడ నేల ఎత్తుగా ఉంటుంది, మోకాళ్ళు గడ్డం దగ్గరికొస్తాయి. పొడుగున్నవాళ్ళు గంట కూర్చుంటే తొడల కింద ఆధారం లేక కాళ్ళు లాగేస్తాయి. ఎక్కాలంటే మధ్య సీటు మడిచి దూరాలి. మా అమ్మ ఒక్కసారి ప్రయత్నించి "అబ్బయా, నన్ను మధ్యలోనే కూర్చోనీ" అంది. పదేళ్ళ వయసు దగ్గరి పిల్లలిద్దరికి మాత్రం ఆ చోటు సరిపోతుంది. అవ్వ మధ్య వరసలో, పిల్లలు వెనక, ఇదే మా ఏర్పాటు.

చూడటానికి వెళ్ళినప్పుడు స్టీరింగ్ దగ్గర కూర్చుని సంబరపడకండి. బండిని అమ్మేవాళ్ళకే ఇచ్చి, మీరు వెనక వరసలో బెల్టు పెట్టుకుని గుంతల రోడ్డు మీద పది నిమిషాలు కూర్చోండి. బెల్టు చివరిదాకా లాగి వదలండి, సాఫీగా వెనక్కి వెళ్ళాలి. పాత బళ్ళలో ఆ బెల్టుల్ని ఎవరూ వాడరు కాబట్టి దుమ్ము పట్టి బిగుసుకుపోయి ఉంటాయి. ఏసీ గాలి అక్కడిదాకా వస్తోందా అన్నది మే నెల మధ్యాహ్నం కనిగిరి రోడ్డు మీద చూస్తే తెలుస్తుంది. పొద్దున్నే చూస్తే అన్ని ఏసీలూ బాగానే పనిచేస్తాయి.

ఇంతా చెప్పి సఫారీకి అన్యాయం చేయలేను. మధ్య వరసలో కూర్చునేవాళ్ళ సుఖం చూస్తే ఈ నాలుగింటిలో సఫారీదే మొదటి స్థానం. గుంతల్ని మింగేసే తీరు, ఎత్తుగా కూర్చుని పొలాల మీదుగా చూసే వీలు, పెద్ద కిటికీలు ఫార్చ్యూనర్‌లో లేవు. ఫార్చ్యూనర్ గట్టి సస్పెన్షన్ వెనకవాళ్ళని ఎగరేస్తుంది, ముఖ్యంగా బండి ఖాళీగా ఉన్నప్పుడు. అందుకే ఇంట్లో ఐదుగురే అయితే నేను మారుమాట లేకుండా సఫారీనే తీసుకోమంటాను. వెనక సీట్లు మడిచేసి సామాను వేసుకోండి, మడత మంచాలు, స్టవ్వు, నీళ్ళ క్యాన్లు అన్నీ పడతాయి. ఆ ఐదుగురికి పాత సఫారీనా స్టార్మా అంటే, స్టార్మే. ఛాసిస్ కొత్తది, తిప్పడం తేలిక, చివరి ఏళ్ళ బళ్ళలో ఆరు గేర్లు కూడా ఉన్నాయి. పాతదానిలో నాకు నచ్చేది ఒకటుంది. స్టెప్నీ వెనక తలుపు మీద ఉంటుంది. స్టార్మ్‌లో, ఫార్చ్యూనర్‌లో అది బండి కింద వేలాడుతుంది. కొత్తపట్నం ఇసుకలో పంక్చరై, బొడ్డుదాకా కూరుకున్న బండి కింద నుంచి ఆ చక్రాన్ని దించాలంటే ముందు చేతులతో ఇసుక తవ్వాలి.

ఆరుగురు, ఏడుగురు అయితే ఫార్చ్యూనర్. ఇక ఏ తరమన్నదే ప్రశ్న.

మొదటి తరం 4x4లో నాలుగు చక్రాలకీ ఎప్పుడూ శక్తి అందుతూనే ఉంటుంది. మధ్యలో డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాల్ని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉంది కాబట్టి పొడి తారురోడ్డు మీద కూడా అలాగే నడపొచ్చు. నల్లమలలో వాన పడ్డ రోజు దీని విలువ తెలుస్తుంది. ఒక మలుపు తడిగా ఉంటుంది, తర్వాతిది పొడిగా, ఆ తర్వాత చెట్ల కింద బురద. డ్రైవర్ ఏదీ మార్చక్కర్లేదు. బురద లోతైతే మధ్య డిఫరెన్షియల్ లాక్ చేసి, లివర్‌తో లో-రేంజ్ వేసుకుంటే సరి. మెకానిక్‌కి కూడా అర్థమయ్యే యంత్రం.

రెండో తరంలో నాబ్ తిప్పితే 2H (వెనక రెండు చక్రాలు), 4H (నాలుగు చక్రాలు, మామూలు గేర్లు), 4L (నాలుగు చక్రాలు, లో-రేంజ్). మామూలుగా వెనక చక్రాలే తోస్తాయి. మధ్య డిఫరెన్షియల్ లేదు కాబట్టి పొడి తారు మీద 4Hలో మలుపులు తిప్పకూడదు. ముందు చక్రాలు, వెనక చక్రాలు మలుపులో వేర్వేరు దూరాలు నడుస్తాయి, ఆ తేడా పోయే దారిలేక గేర్లు బిగుసుకుంటాయి. సఫారీలదీ ఇదే పద్ధతి. అంటే ఘాట్‌లో చినుకులు పడుతుంటే మీరు వెనక చక్రాల బండి నడుపుతున్నట్టే.

ఈ ఒక్క విషయంలో మొదటి తరం ఫార్చ్యూనర్ గెలిచింది. అయినా మేము రెండో తరం తీసుకున్నాం, కారణం మళ్ళీ పిల్లలే. మేము తీసుకున్న 4x4లో వీఎస్‌సీ ఉంది. బండి వెనకభాగం జారడం మొదలవ్వగానే కావలసిన చక్రానికి దానంతటదే బ్రేకు వేసి నిలబెడుతుంది. ఎయిర్‌బ్యాగులు ఎక్కువ. ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలినప్పుడు వెనక్కి జారకుండా హిల్ అసిస్ట్ పట్టుకుంటుంది. మొదటి తరంలో బ్రేకు పట్టు బండి బరువుకి చాలదనిపిస్తుంది. శ్రీశైలం నుంచి దోర్నాల వైపు నిండు బండితో దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజిన్ మీదే వేగం ఆపుకోవాలి. ఒంటరిగా తిరిగేవాళ్ళకి, యంత్రం చేతిలో ఉండాలనుకునేవాళ్ళకి మొదటి తరం బంగారం. చంటిపిల్లలతో వెళ్ళేవాళ్ళు ఇంకొంచెం డబ్బు సర్దుకుని రెండో తరమే తీసుకోవడం మంచిది. అందులోనూ 2020కి ముందటి బీఎస్4 (అప్పటి కాలుష్య ప్రమాణం) బళ్ళు వెతకండి. తర్వాతి ప్రమాణం బీఎస్6తో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) వచ్చింది. దానిలో పట్టిన మసి కాలిపోవాలంటే బండి కాసేపు హైవే మీద నిలకడగా పరుగెత్తాలి. మట్టిదారుల్లో మెల్లగా తిరిగే బండికి అది అదనపు టెన్షన్.

సామాను గురించి ఒక మాట. ఏడుగురూ ఎక్కితే ఫార్చ్యూనర్‌లో వెనక నాలుగు సంచులు కూడా పట్టవు. మేము ఆరుగురం కాబట్టి, సామాను ఎక్కువైతే పిల్లల్లో ఒకరిని మధ్య వరసలోకి తెచ్చి, మూడో వరసలో ఒక సీటు పక్కకి ఎత్తి కట్టేసి ఆ వైపంతా సామానుకి వాడతాం. పైన క్యారియర్ మీద దుప్పట్లు, టెంటు లాంటి తేలికవి మాత్రమే. 20 లీటర్ల నీళ్ళ క్యాన్ అంటే 20 కిలోలు. అలాంటివి రెండు నెత్తిన పెట్టుకుని ఘాట్ మలుపులు తిరిగితే బండి ఊగడం స్టీరింగ్‌లోనే తెలుస్తుంది. బరువులు కింద, మధ్యకి, వల వేసి బిగించి ఉండాలి.

ఇసుక గురించి చాలామంది భయపడతారు. మైపాడైనా, తుమ్మలపెంటైనా, కొత్తపట్నమైనా నాలుగూ వెళ్తాయి, టైర్లలో గాలి 18–20 పీఎస్ఐకి దించితే. దించకపోతే నాలుగూ కూరుకుంటాయి. తిరిగి గాలి నింపడానికి చిన్న కంప్రెసర్ దగ్గర పెట్టుకోండి. చలికాలం నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరంలో గుడ్లు పెడతాయి, ఆ నెలల్లో దయచేసి బీచ్ మీదికి బండి దించకండి. నల్లమలలోనూ అంతే. అది పులుల అభయారణ్యం, ఉన్న రోడ్డు దిగి టైరు వేయకూడదు, రాత్రిపూట చెక్‌పోస్టుల దగ్గర గేట్లు మూసేస్తారు.

ఏ తరమన్నదానికంటే బండి ఎక్కడ తిరిగిందన్నది ఒక్కోసారి ముఖ్యం. తీరం వెంబడి రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బళ్ళు పైకి తళతళలాడుతుంటాయి. ర్యాంప్ మీదికి ఎక్కించి కింద చూస్తే ఛాసిస్ వెనకభాగం, వెనక యాక్సిల్ దగ్గరి బ్రాకెట్లు పొరలు పొరలుగా తుప్పు రాలుస్తుంటాయి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి, గట్టి ఇనుము టంగుమంటుంది, తిన్న ఇనుము బొద్దుగా మోగుతుంది. కొత్తగా నల్ల పెయింట్ కొట్టి ఉంటే ఇంకా జాగ్రత్త. చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు తిరిగిన బండికి తుప్పు తక్కువ, దుమ్ము ఎక్కువ. ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిచి ఫిల్టర్ అవతలి వైపు వేలితో రాయండి, అక్కడ దుమ్ము ఉంటే టర్బో మీద ఆశ వదులుకోండి. నన్నడిగితే మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి వైపు ఇంటివాడకంలో ఉన్న బండి మేలు.

మిగతావి. స్కార్పియో రిపేరు ఏ మండలంలోనైనా జరుగుతుంది, అది పెద్ద బలమే. కొన్ని వేరియంట్లలో ముందుకి చూసే మూడో వరస కూడా ఉంది, 4x4తో అది దొరికితే వదలకండి. ఎండీవర్ 3.2 గొప్ప ఇంజిన్, 800 మిల్లీమీటర్ల నీళ్ళలో నడుస్తుంది, కానీ ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది కాబట్టి ఓపికున్నవాళ్ళకే. పజేరో విడిభాగాల కోసం ఇంకా ఎక్కువ ఓపిక కావాలి.

చివరిగా కాగితాలు. 2009, 2010 నాటి ఫార్చ్యూనర్లు, సఫారీలు 15 ఏళ్ళు దాటేశాయి. బండికి ఫిట్‌నెస్ చేయించి, ఆర్సీ ఐదేళ్ళకి రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్లకి ఆ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది, గ్రీన్ టాక్స్ వేరే. ఈ పని అమ్మేవాళ్ళ పేరు మీదే పూర్తి చేయించి, కొత్త తేదీ ఉన్న ఆర్సీ చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.