బీరు దుకాణానికి లైసెన్స్: మేజిస్ట్రేటు దయా, రెండు గినీల ఫీజా?

18వ శతాబ్దపు ఇంగ్లాండులో బీరు అమ్మాలంటే స్థానిక మేజిస్ట్రేట్లు ఒప్పుకోవాలి. ఇద్దరు మేజిస్ట్రేట్లు లైసెన్స్ ఇచ్చే పద్ధతి 1552 నుంచే ఉంది. 1753 చట్టం మంచి నడవడికకు సర్టిఫికెట్ కూడా అడిగింది. దానిపై చర్చి పాస్టరో ఊరి పెద్దలో సంతకం చేయాలి. ఆ ఊళ్లో మనిషి ఎలాంటివాడో తెలిసినవాళ్లే తేల్చడం వినడానికి బాగానే ఉంటుంది.

గొడవంతా లైసెన్స్ నిరాకరించినప్పుడే. కారణం చెప్పక్కర్లేదు, మామూలు అప్పీలూ లేదు. 1758లో ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఉన్న లండన్ కోర్టు తేల్చిందేమిటంటే, మేజిస్ట్రేట్ల విచక్షణలో కోర్టు వేలు పెట్టదు, దురుద్దేశం రుజువైతేనే శిక్షిస్తుంది. అలాంటి కేసు ఎంతోకాలం ఆగకుండానే వచ్చింది. 1762లో పెన్రిన్ పట్టణ మేజిస్ట్రేట్లు, తాము చెప్పినవాళ్లకు ఓటేయలేదని దుకాణదారులకు లైసెన్సులు ఆపేశారు. కోర్టు వాళ్లపై క్రిమినల్ చర్యకు అనుమతిచ్చింది. కానీ చిన్న దుకాణదారుడు లండన్ దాకా వెళ్లి కేసు నడపగలడా?

రెండో దారి 1830 బీరు చట్టం. పన్ను కట్టే గృహస్థుడు ఎక్సైజ్ శాఖకు రెండు గినీలు (గినీ అంటే అప్పటి ఇంగ్లీషు డబ్బు లెక్క) చెల్లిస్తే చాలు, మేజిస్ట్రేటు ముఖం చూడక్కర్లేదు. పక్షపాతం పోయింది, కొత్త దుకాణాలు వేలల్లో పుట్టుకొచ్చాయి. ఇరుగుపొరుగు మాటకు మాత్రం విలువ లేకుండా పోయింది. 1869లో అధికారం మళ్లీ మేజిస్ట్రేట్ల చేతికే వెళ్లింది.

నన్నడిగితే మొదటి పద్ధతే మేలు, అప్పీలు ఉంటేనే. ఆ అప్పీలు హక్కు 1828లో గానీ రాలేదు.