కంటి వెనుక పొర చూడటానికి: చేతి స్కోపా, తలకు పెట్టుకునేదా?

తిరుపతి రుయా ఆసుపత్రిలో కంటి విభాగానికి పోస్టింగ్ మీద వెళ్లే హౌస్ సర్జన్ ముందు చేతి స్కోపు, అంటే డైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోపే పట్టుకోవాలి. జేబులో పట్టేస్తుంది. కంటి వెనుక పొర, అదే రెటీనా, నిటారుగా, సుమారు 15 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. తలనొప్పితో వచ్చిన పేషెంటుకు ఆప్టిక్ డిస్క్ (రెటీనా మీద కంటి నరం మొదలయ్యే చోటు) వాచిందా లేదా చూడటానికి భేషైన పరికరం. కానీ ఒకసారికి కనిపించేది 5 డిగ్రీల మేరే, తాళం కన్నంలోంచి గది చూసినట్టు. పేషెంటు కుడి కంటిని మన కుడి కంటితోనే, చెంప తగిలేంత దగ్గరికి వెళ్లి చూడాలి. కొత్తవాళ్లు మొహమాటంతో దూరంగా ఆగిపోతారు, ఇక ఏం కనబడుతుంది?

తలకు పెట్టుకునేది ఇండైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోపు. ఇందులో లైటు తలకు, 20 డయాప్టర్ల (లెన్సు పవర్ కొలత) లెన్సు చేతిలో. 3 రెట్లే పెద్దగా చూపించినా దాదాపు 45 డిగ్రీల మేర కనిపిస్తుంది, రెండు కళ్లతో చూస్తాం కాబట్టి లోతూ తెలుస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల రెటీనా పరీక్షకు, రెటీనా అంచుల్లో చిరుగులు వెతకడానికి ఇదే కావాలి. చిక్కల్లా బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు మారి రావడమే. కాగితాన్ని తిరగేసి పెట్టుకుని కనిపించింది కనిపించినట్టే గీస్తే సరి. చేయి కుదరడానికి మాత్రం నెలలు పడుతుంది.

దీనికి కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేయాలి. పలమనేరు నుంచి బైక్ మీద వచ్చిన షుగర్ పేషెంటుకు ఆ మాట ముందే చెప్పాలి, కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. జనరల్ డాక్టరుకు డైరెక్ట్ చాలు. కంటి పీజీకి ఇండైరెక్ట్ రాకపోతే కుదరదు.