స్కాఫోల్డ్ తీయడానికి ఆర్డీకిట్టా, సీడీకేనా?

అణువుల ఫైలు చేతికి రాగానే చాలామంది అడిగే ప్రశ్న ఇది. స్కాఫోల్డ్ అంటే అణువులో వలయాలూ, వాటిని కలిపే గొలుసులూ మిగిలిన చట్రం. ఆర్డీకిట్ (RDKit), సీడీకే (CDK) దాన్ని తీసిపెట్టే కోడ్ లైబ్రరీలు. పైథాన్ వచ్చినవాళ్లు ఆర్డీకిట్ అనీ, జావా వచ్చినవాళ్లు సీడీకే అనీ తేల్చేస్తుంటారు. భాష, వేగం పక్కన పెట్టి నేను ఒక్కటే చూస్తాను: వలయానికి ద్విబంధంతో అతుక్కున్న ఆక్సిజన్‌ను ఉంచుతోందా, కోసేస్తోందా?

డయాజెపామ్, మెడాజెపామ్ అనే రెండు మందులు తీసుకోండి. రెండిటికీ తేడా ఏడు పరమాణువుల వలయం మీదున్న కార్బొనిల్ (కార్బన్‌కు ద్విబంధంతో అతుక్కున్న ఆక్సిజన్) ఒక్కటే. 1996లో బెమిస్, మర్కో అనే పరిశోధకులు స్కాఫోల్డ్‌కు ఇచ్చిన నిర్వచనంలో ఆ ఆక్సిజన్ పక్క గొలుసు కిందే లెక్క. అది పోతే రెండిటికీ ఒకే స్కాఫోల్డ్. ఆర్డీకిట్‌లో స్కాఫోల్డ్ తీసే మర్కో ఫంక్షన్ దాన్ని అలాగే ఉంచుతుంది, అందుకని రెండు వేర్వేరు స్కాఫోల్డులు వస్తాయి. నా ఓటు దీనికే. కార్బొనిల్ ఉంటే పక్కనున్నది ఎమైడ్ నైట్రోజన్, లేకపోతే ఎమీన్ నైట్రోజన్. హైడ్రోజన్ బంధం అందుకునే చోటూ మారిపోతుంది. మందుల రసాయనంలో ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు.

అయితే ఇక్కడే ఒక గుంట ఉంది. జెనరిక్ స్కాఫోల్డ్ (పరమాణువుల రకం చూడని ఉత్త ఆకృతి) అడిగితే ఆర్డీకిట్ పరమాణువులన్నిటినీ కార్బన్‌గా, బంధాలన్నిటినీ ఏకబంధాలుగా మార్చేస్తుంది. ఉంచిన ఆక్సిజన్ కాస్తా మిథైల్ తోకై వేలాడుతుంది. వచ్చినదాని మీద మర్కో ఫంక్షన్ మరోసారి నడపాలి. బెమిస్, మర్కో 5,120 మందుల్లో 1,179 ఆకృతులు లెక్కించి, సగం మందులు 32 ఆకృతుల్లోనే ఇమిడాయని చూపించారు. ఆ తోకలు తీయకుండా మీ లెక్కను వాళ్ల లెక్క పక్కన పెడితే మీ దగ్గర వైవిధ్యం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

ఇలా పాత లెక్కలతో పోల్చడమే మీ పనైతే సీడీకే మీద కట్టిన స్కాఫోల్డ్ జనరేటర్ మేలు. ద్విబంధపు ఆక్సిజన్ ఉండాలా, పోవాలా, ఉత్త ఆకృతి చాలా అన్నది అందులో ముందే ఎంచుకోవచ్చు. ఏ నిర్వచనం వాడారో కోడ్ చూస్తేనే తెలిసిపోతుంది.

స్కాఫోల్డులను చెట్టుగానో వలగానో పేర్చాలంటే ఆర్డీకిట్ మీదే నడిచే స్కాఫోల్డ్‌గ్రాఫ్ ఉంది. చిన్న పనికి అంత అక్కర్లేదు.

ఆర్డీకిట్ ఎంచుకున్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. మెట్‌ఫార్మిన్, వాల్‌ప్రోయిక్ ఆమ్లం లాంటి వలయం లేని అణువులకు అది ఖాళీ స్కాఫోల్డ్ ఇస్తుంది. మెషీన్ లెర్నింగ్ మోడల్ కోసం స్కాఫోల్డ్‌ను బట్టి ట్రెయినింగ్, టెస్ట్ సెట్లు విడదీసేటప్పుడు పొంతన లేని ఇలాంటి అణువులన్నీ ఒకే గుంపులో పడతాయి. వాటిని ముందే వేరుచేసి పెట్టుకోండి.