గంటస్తంభం దగ్గర పటాల షాపు: నాలుగు స్టార్లు

విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో ఉందీ షాపు. గోడంతా వేంకటేశ్వరస్వామి, పైడితల్లమ్మ, దండలేసిన పెద్దల ఫోటోలు. నేను పెన్‌డ్రైవ్‌లో ముగ్గురు యూరప్ పెయింటర్లను పట్టుకెళ్లాను. కాన్వాస్ ప్రింటూ, ఫ్రేమూ రెండూ ఇక్కడే చేస్తారు.

ముందు ఆర్చింబోల్డో 1563లో వేసిన ‘వేసవి’. ఓనరుగారు చూసి, “ఏటమ్మా, రైతుబజారంతా మొహంలోనే ఉంది!” అన్నారు. ముక్కు దోసకాయ, పళ్లు బఠాణీ గింజలు, చెవి మొక్కజొన్న పొత్తు. గడ్డితో అల్లిన మెడపట్టీలోనే పెయింటరు తన పేరు కూడా అల్లేశాడు. ఓనరుగారు జూమ్ చేసి ఆ అక్షరాలు పట్టుకున్నారు. చెంప ఆపిలా, పీచా అని వెనకున్న కస్టమర్లు కూడా వాదనలోకి దిగారు. ప్రింటులో రంగులు నిగనిగలాడుతున్నాయి.

చిక్కంతా కారవాజ్జోతో వచ్చింది. ‘మత్తయికి పిలుపు’ బొమ్మలో సగం చీకటే. కుడివైపు నుంచి ఒక్క వెలుగు పట్టీ వచ్చి, డబ్బు లెక్కపెట్టుకునేవాళ్ల మొహాల మీద పడుతుంది. ప్రింటు తీసే కుర్రాడు పాపం, ఫోటో సరిగా పడలేదనుకుని బ్రైట్‌నెస్ పెంచేశాడు! ఆ గదిలో ట్యూబ్‌లైటు వేసినట్టయింది. 1606లో రోములో మనిషిని చంపి పారిపోయిన పెయింటరు బాబూ, ఆయనతో పెట్టుకోకు అన్నాను. మళ్లీ తీసిచ్చారు, డబ్బు అడగలేదు.

వెర్మీర్ ‘పాలు పోసే పనమ్మాయి’ అసలు బొమ్మే 45.5 × 41 సెంటీమీటర్లు కాబట్టి అసలు సైజులోనే తీయించాను. రెడీమేడ్ ఫ్రేము ఆ కొలతకి దొరకదు. అంచులు కోసేస్తే సరిపోతుందన్నాడు కుర్రాడు. రెంబ్రాంట్ ‘నైట్ వాచ్’ని 1715లో ఆమ్‌స్టర్‌డామ్ టౌన్‌హాల్ గోడకి పట్టలేదని నాలుగు పక్కలా కోసిన ఘనులున్నారు మరి! ఓనరుగారు మాత్రం కొలతకి బీడింగ్ కోయించారు. పనమ్మాయి వెనక గోడకున్న మేకునీ, దాని నీడనీ, పాత మేకుల కన్నాలనీ నాకు చూపించిందీ ఆయనే. ఎంతైనా వృత్తి కదా.

ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే, చెప్పిన రోజుకి ఇవ్వరు. పైగా అడక్కపోతే అన్నిటికీ గ్లాసు బిగించేస్తారు. కారవాజ్జోకి గ్లాసు వేయిస్తే అందులో మీ మొహమే కనిపిస్తుంది, ముందే వద్దనండి.